రెండు కుక్కర్లు, ఒకే లైను

మనిషి నోరు తెరిచి నాలుగు ముక్కలు మాట్లాడేసరికి ఏ జిల్లావాడో, ఏ వైపువాడో, అతనితో కలిసి టీ తాగవచ్చో లేదో తేల్చేసే రోజులవి. రాష్ట్రం ఒకటిగా ఉండాలా, రెండు కావాలా అని అక్కడ జనం రోడ్ల మీద ఉంటే, అంత దూరాన ఢిల్లీ పక్కన గుర్‌గావ్‌లో ఒక అద్దాల భవనం మూడో అంతస్తులో మేం పన్నెండుమంది తెలుగువాళ్ళం చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, వచ్చిన ప్రతి ఫోనుకీ “నమస్కారం, మీకు నేనెలా సహాయపడగలను” అంటూ ఉండేవాళ్ళం. మాకు మేమే సహాయం చేసుకోలేని సమయంలో లోకానికంతటికీ అంత ధీమాగా సహాయం చేస్తామని ఎలా అన్నామో ఇప్పుడు తలుచుకుంటే ఆశ్చర్యంగా ఉంటుంది. అయినా ఈ సంగతి నేను కొంచెం గొప్పగానే చెప్తాను. మా అమ్మాయికి పెట్టే ముద్ద చల్లారిందో లేదో అని నా నాలుక మీద వేసుకుని చూసి, మళ్ళీ అనుమానం వచ్చి మళ్ళీ చూసుకునే మనిషిని ఇప్పుడు నేను. అలాంటిదాన్ని ఒకప్పుడు ఒక జట్టుని చెదిరిపోకుండా పట్టి ఉంచానంటే గొప్ప కాక ఏమిటి.

మా పని చిన్నదే. ఒక మొబైల్ కంపెనీకి ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న ఖాతాదారులు బ్యాలెన్సు పోయిందనో, సిగ్నల్ లేదనో ఫోను చేసి తెలుగు కోసం ఒక అంకె నొక్కితే, ఆ ఫోను మా దగ్గరికి వచ్చేది. మేం హైదరాబాదులోనే ఎక్కడో కూర్చున్నామని వాళ్ళ నమ్మకం. (“మీ ఆఫీసు అమీర్‌పేటలోనే కదా, రేపొచ్చి మీ సంగతి చూస్తాను” అని బెదిరించినవాళ్ళు కూడా ఉన్నారు. అమీర్‌పేటలో పాపం ఎవరి సంగతి చూశారో తెలియదు.) రెండువేల తొమ్మిది చలికాలం మొదలయ్యేసరికి నన్ను ఆ జట్టుకి టీమ్ లీడర్‌ని చేశారు. నాకు అప్పటికి ఇరవైమూడేళ్ళు. నాకంటే పని బాగా తెలిసినవాళ్ళు ఉండగా నన్నెందుకు చేశారంటే, మా మేనేజరు చెప్పిన కారణం ఒకటే. “బేటా, తుమ్ కిసీ తరఫ్ కీ నహీ హో” అన్నాడు. నువ్వు ఏ వైపు పిల్లవీ కాదు అని.

అది నిజమే. మా నాన్న సైన్యంలో సుబేదారు. మీది ఏ ఊరు అని ఎవరైనా అడిగితే నేను నాన్న పోస్టింగులు వరసగా అప్పజెప్పేదాన్ని, పఠాన్‌కోట్, జబల్‌పూర్, సికింద్రాబాద్, ఇప్పుడు ఢిల్లీ కంటోన్మెంట్ అని. నా తెలుగు కూడా అలాగే తయారైంది. అమ్మ దగ్గర శ్రీకాకుళం, పక్క క్వార్టర్లో కరీంనగర్ ఆంటీ దగ్గర తెలంగాణ, ఎదుటి బ్లాకులో అనంతపురం అంకుల్ దగ్గర సీమ, కోపమొస్తే హిందీ. ఆ కలగాపులగాన్ని నేను లోపం అనుకుంటూ పెరిగితే మా మేనేజరు దాన్ని అర్హత కింద జమకట్టాడు. ఆయనది కాన్పూరు. వింధ్య దాటిన తర్వాత ఉన్నదంతా ఆయన దృష్టిలో మద్రాసే అయినా మనిషి మంచివాడు. రెండు మాటలకొకసారి టీమ్ స్పిరిట్ అనేవాడు గనక మేం ఆయన్ని చాటుగా స్పిరిట్ సార్ అనేవాళ్ళం.

మా జట్టుకి నేను పేరుకి లీడర్‌నే గాని, అసలు స్తంభాలు ఇద్దరు. ఒకరు భీమవరం అక్క. భర్తకి కేంద్ర ప్రభుత్వంలో ఉద్యోగం, ఢిల్లీ ఆర్.కె. పురంలో క్వార్టరు, ఇద్దరు స్కూలుకెళ్ళే పిల్లలు. ఎంత కోపంగా ఉన్న ఖాతాదారునైనా “ఏవండీ, ముందు మంచినీళ్ళు తాగండి” అని చల్లార్చేది. రెండోవారు కలెక్టరన్న. ఊరు వరంగల్ దగ్గర. ముఖర్జీ నగర్‌లో గది తీసుకుని సివిల్స్‌కి చదువుతూ, గది అద్దె కోసం మా దగ్గర పని చేసేవాడు. కంపెనీ పథకాలన్నీ రాజ్యాంగం అధికరణాల్లా నోటికి వచ్చేవి. వీళ్ళిద్దరూ పక్కపక్కన కూర్చునేవాళ్ళు. అది ఊరికే కాదు, మా పనిలో ఒక పద్ధతి అది. ఫోను చేసినవాళ్ళు మా మాట తీరు పట్టుకుని “నువ్వు మా వైపు కాదు, నీకేం తెలుసు” అని గింజుకుంటే, ఆ కాల్‌ని పక్కవాళ్ళకి అందించేవాళ్ళం. కోస్తా మనిషికి అక్క, తెలంగాణ మనిషికి అన్న. అందుకే జట్టంతా ఒకరు ఇటు, ఒకరు అటుగా కలిసి కూర్చునేది. దీన్ని మేం చెయ్యి మార్చడం అనేవాళ్ళం.

ఇంకొక పద్ధతి కూడా ఉండేది, అది ఆఫీసు నియమాల్లో ఉన్నది కాదు. క్యాంటీన్లో రోజూ రోటీ, రాజ్మా. తిన్నంతకాలం తిని, ఒక రోజు అక్క దుప్పట్లో చుట్టి ఒక రైస్ కుక్కర్ని ప్యాంట్రీలోకి చేర్చింది. అప్పట్నుంచి రోజుకొకరు బియ్యం తెచ్చేవాళ్ళు. అక్క కందబచ్చలి కూర చేసుకొచ్చేది, అన్న పొయ్యి అవసరం లేకుండా అక్కడికక్కడే చింతపండు పిసికి పచ్చిపులుసు చేసేవాడు, మిగిలినవాళ్ళం గిన్నెలు కడిగేవాళ్ళం. బల్లలు రెండు కలిపి అందరం ఒకచోట తినేవాళ్ళం. ఆ మూల నుంచి వచ్చే మిరపకాయల ఘాటుకి పక్కనున్న హిందీ జట్టువాళ్ళు తుమ్ముతూ “క్యా బనా రహే హో, భాయ్” అని తొంగిచూసి వెళ్ళేవాళ్ళు.

అలా ఉండగా డిసెంబరులో తెలంగాణ ఇస్తామని ఢిల్లీ నుంచి ప్రకటన వచ్చింది. ఒక వైపు పటాకులు పేలాయి, రెండో వైపు బస్సులు ఆగిపోయాయి. మర్నాడు కలెక్టరన్న మిఠాయి డబ్బా తెచ్చి కుక్కర్ పక్కన పెట్టాడు.

“తీస్కో అక్కా, నోరు తీపి చేస్కో” అన్నాడు.

“నాకు షుగరు” అంది అక్క.

“నిన్న పుట్టినరోజు కేకు తిన్నవ్ గద.”

“నిన్న లేదు. రాత్రి వచ్చింది.”

అక్కడితో ఆగితే బాగుండేది. రెండు వారాలు తిరక్కుండా ఇప్పుడే తొందరేం లేదని ఢిల్లీ నుంచే ఇంకో మాట వచ్చింది. ఈసారి పటాకులు అటు వెళ్ళాయి, బందులు ఇటు వచ్చాయి. అక్క డబ్బా నిండా పూతరేకులు తెచ్చింది. అన్న ఆ రోజు ఉపవాసం అన్నాడు. (ఏ దేవుడికి అని అడిగితే “అందరికీ” అన్నాడు.) మిగిలినవాళ్ళు మొదట నవ్వారు, తర్వాత ఎవరి డబ్బాలోది వాళ్ళు తిన్నారు, ఆ తర్వాత ఎవరి వెనక వాళ్ళు చేరారు. కలిపి వేసిన బల్లలు విడిపోయాయి. కూర్చునే వరసలు కూడా మారాయి. కిటికీ వైపు ఒక వరస, గోడ వైపు ఒక వరస. మధ్యలో నా కుర్చీ. చెయ్యి మార్చడం ఆగిపోయింది. “మీ మాట నాకర్థం కావట్లేదు, ఇంకెవరికైనా ఇవ్వండి” అని ఖాతాదారు అడిగినా, ఎదుటి వరసకి ఇవ్వడం కంటే లైను తెగిపోవడమే నయం అన్నట్టు కూర్చున్నారు.

నేను చేతనైనవన్నీ చేశాను. ముందు రాజకీయాలు మాట్లాడకూడదని ఒక నియమం పెట్టి, బోర్డు మీద ‘ఇచ్చట వాతావరణం గురించి మాత్రమే మాట్లాడవలెను’ అని రాశాను. అంతే, ఆ రోజు నుంచి మా ఆఫీసులో అందరూ వాతావరణ నిపుణులైపోయారు. “మా దిక్కు ఎండ మంచిగ కొడ్తున్నది” అని గోడ వరస అంటే, “ఎంతసేపులే, సాయంత్రానికి మబ్బు పడుతుందంట” అని కిటికీ వరస. బోర్డు తుడిచేశాను. స్పిరిట్ సార్‌కి నా కష్టం తెలిసి అందరికీ ఒకే రంగు టీషర్టులు కుట్టిస్తానన్నాడు. ఏ రంగు, అని అడిగాడు. గులాబీ అన్నాడు, అది ఒక పార్టీది. పసుపు అన్నాడు, అది ఇంకొకరిది. ఆకుపచ్చ, కాషాయం, ఎరుపు, నీలం, ఒక్కొక్కటే చెప్తుంటే నేను తల అడ్డంగా ఊపుతూ పోయాను. ఆఖరికి ఆయన అలిసిపోయి “తుమ్హారే యహా కోయీ రంగ్ బచా హై క్యా” అని అడిగాడు. మీ దగ్గర ఇంకా రంగేమైనా మిగిలి ఉందా అని. బూడిద రంగు ఉంది సార్ అన్నాను. బూడిద రంగు మఫ్లర్లు వచ్చాయి. చలి గనక అందరూ వేసుకున్నారు, అంతే తప్ప స్పిరిట్ ఏమీ రాలేదు.

ఇక కుక్కర్ సంగతి. పాత కుక్కర్ ఎవరిదన్న మాట పుట్టింది. తెచ్చింది అక్క, కొనడానికి అందరూ డబ్బులు వేసుకున్నారు, గిన్నెకి సొట్ట పెట్టింది అన్న. దాన్ని పంచడం కుదరక అన్న ముఖర్జీ నగర్ నుంచి బస్సులో ఒళ్ళో పెట్టుకుని ఇంకో కుక్కర్ తెచ్చాడు. అప్పుడు తెలిసింది, ప్యాంట్రీలో ప్లగ్గు ఒకటే ఉందని. ఆ ప్లగ్గు ఎవరికి చెందాలన్న దాని మీద జరిగిన వాదోపవాదాలు విని ఉంటే హైదరాబాదు ఎవరిదన్న చర్చ మీకు చాలా చిన్నదిగా కనిపించేది. “మొదట్నుంచీ మా కుక్కరే ఉందక్కడ, పైకి తెచ్చింది మేం” అని అక్క. “గోడ మాది, మేం గోడ దిక్కు కూసున్నం” అని అన్న. ఒకరు ముందు వండుకుంటే రెండోవాళ్ళ భోజనం ఆలస్యమయ్యేది. అది స్పిరిట్ సార్ చెవిన పడింది. ఆయన చిరునవ్వుతో వెళ్ళి, తన గదిలో పడి ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు తెచ్చి స్వయంగా ప్లగ్గుకి తగిలించి, “లో జీ, ప్రాబ్లమ్ సాల్వ్” అన్నాడు. రెండు కుక్కర్లూ ఒక బోర్డు మీదికి చేరాయి. ఆయన తన గదిలోకి వెళ్ళి రూమ్ హీటర్ వేసుకున్నాడు.

ఇదంతా చూస్తూ నవ్వుకునే స్థితిలో లేను నేను. కంపెనీ మార్కుల్లో మా జట్టు కిందకి జారిపోయింది. మొబైల్ కంపెనీ నుంచి ఒక పెద్దావిడ హైదరాబాదు నుంచి వస్తుందనీ, మా పని ఒక పూట కూర్చుని వింటుందనీ, నచ్చకపోతే తెలుగు పనంతా వేరే ఊరికి తరలించేస్తారనీ స్పిరిట్ సార్ నన్ను గదిలోకి పిలిచి చెప్పాడు. అంటే అన్నకి గది పోతుంది, పరీక్ష పోతుంది. అక్కకి పెళ్ళయ్యాక దొరికిన మొదటి ఉద్యోగం పోతుంది. ఆ సాయంత్రం ఇంట్లో నాన్నతో చెప్పాను. ఆయన బూట్లకి పాలిష్ పెట్టుకుంటూ “సెక్షను అప్పజెప్పారు కదా. ఎంతమందిని అప్పజెప్పారో అంతమందినీ వెనక్కి తీసుకురావాలి. ఒకరు తగ్గినా నేను మిగిలాను కదా అనుకోకూడదు” అన్నాడు. ఆయన మామూలుగా అన్నమాటే. నాకు మాత్రం అది ఆజ్ఞ అయింది. పన్నెండుమందిలో ఒక్కరు కూడా తగ్గకూడదు. ఆ చలికాలమంతా నాకు కావలసింది అదొక్కటే.

ఆ మేడమ్ వచ్చిన రోజు పొగమంచు మధ్యాహ్నం దాకా విడలేదు. యాభై దాటిన మనిషి, నేత చీర మీద శాలువా, మెత్తని మాట. ఆమె తలుపులోంచి అడుగు పెట్టిన దగ్గర్నుంచీ రెండు వరసలకీ ఒకటే ఆరాటం, ఈమె ఏ వైపు అని. మంచినీళ్ళు అడిగింది, అందులో తెలియలేదు. “ఇక్కడ చలి ఎక్కువే” అంది, అందులోనూ తెలియలేదు. అక్క నా చెవిలో “మాట్లాడించవే, ఒక్క ‘అయితే’ అన్నా చాలు, నేను పట్టేస్తాను” అంది. ఆవిడ వార్తలు చదివేవాళ్ళలా మాట్లాడి, హెడ్‌ఫోన్ పెట్టుకుని నా పక్కన కూర్చుంది. నాలుగైదు కాల్స్ విన్నది. ప్రతి కాల్‌లోనూ మావాళ్ళు మర్యాదగానే మాట్లాడారు గాని, ఒకరికి అందని చోట ఇంకొకరు అందుకోవడం లేదు. ఆవిడ ఏదో ఆలోచిస్తూ పెన్ను మూత తీసి పెడుతోంది.

భోజనం వేళయింది. కిటికీ వరస కుర్రాడొకడు వెళ్ళి వాళ్ళ కుక్కర్ స్విచ్ వేశాడు. గోడ వరస వెనకపడుతుందా, వెంటనే వాళ్ళదీ వేశారు. స్పిరిట్ సార్ అతిథికి చలిగా ఉంటుందని తన గదిలో హీటర్‌ని పూర్తిగా తిప్పాడు. ఎక్కడో టప్పుమంది. దీపాలు పోయాయి, కంప్యూటర్లు పోయాయి, పన్నెండు హెడ్‌ఫోన్లూ మూగబోయాయి. కరెంటు పోయినా గంటసేపు ఆదుకుంటాయని మాకు చెప్పిన బ్యాటరీలు ఎప్పుడో ప్రాణం విడిచాయన్న సంగతి కూడా అదే క్షణంలో అందరికీ తెలిసింది. ఫ్యూజుల గదికి తాళం. తాళంచెవి ఉన్న ఎలక్ట్రీషియన్ టీకి వెళ్ళాడు. ఆ నిశ్శబ్దంలో నా బల్ల మీద ఉన్న పాతకాలపు ఫోను మోగింది. ఏ లైనూ పని చెయ్యనప్పుడు కాల్స్ దానికి వచ్చేలా ఎప్పుడో ఏర్పాటు చేశారట. నేను చేరిన తర్వాత అది మోగడం అదే మొదటిసారి.

నాకు అందరికంటే దగ్గరగా నిలబడ్డది అన్న. రిసీవర్ ఎత్తి అతని చేతిలో పెట్టాను. అవతలి మనిషి గొంతు ఎంత గట్టిదంటే, రిసీవర్ చుట్టూ మూగిన మా అందరికీ వినిపించింది. తెనాలి నుంచి ఒక బట్టల కొట్టాయన.

“నా ఫోన్లో తెలంగాణ ఉద్యమం పాట ఎవడయ్యా పెట్టింది? నాకు ఫోన్ చేసిన ప్రతివాడికీ డప్పులు మోగుతున్నాయంట. పొద్దున్న మా వర్తక సంఘం అధ్యక్షుడు చేసి, పాటంతా విని, మాట్లాడకుండా పెట్టేశాడు. సాయంత్రం సమైక్య ర్యాలీలో ముందు వరస నాది. నేను బజారులో తిరగాలా వద్దా?”

కంప్యూటర్ ముందు ఎంతో శుద్ధంగా మాట్లాడే అన్న, మసక చీకట్లో కంగారుకి శిక్షణంతా మరిచిపోయాడు.

“సార్, జర ఆగుండ్రి, తీసేపిస్త. గా పాట మేం పెట్టలే.”

“ఓహో, నువ్వు అటువైపు వాడివా? ఇప్పుడర్థమైంది. కావాలని పెట్టారన్నమాట. నీ పేరు చెప్పు, నీ ఉద్యోగం తీయిస్తాను.”

అన్న ముఖం తెల్లబోయింది. మేడమ్ నా వెనకే నిలబడి ఉంది. నేను ఆ క్షణంలో ఆలోచించి చేశానని చెప్పుకోను. మూడు వారాలుగా నాలుక చివర ఆగిపోయిన మాట అదంతటదే వచ్చింది. “అక్కా, చెయ్యి మార్చు” అన్నాను. అక్క కిటికీ పక్కనుంచి కదిలి, అందర్నీ మోచేతులతో తప్పించుకుంటూ వచ్చి, అన్న చేతిలోంచి రిసీవర్ లాక్కుంది.

“ఏవండీ, నేను భీమవరం మనిషినండి. ఏవిటండీ ఆ మాటలు? మీరిందాక అన్నది మా అన్నగారినండి. మూడేళ్ళుగా పక్కపక్కన కూర్చుని పని చేస్తున్నాం. కలెక్టరు పరీక్షకి చదువుకునే మనిషి, మీ ఫోన్లో పాటలు పెట్టే తీరికెక్కడిదండీ ఆయనకి? ఉద్యోగం తీయిస్తే ఇద్దరిదీ తీయించండి. ముందు మంచినీళ్ళు తాగండి.”

అవతల నిజంగానే మంచినీళ్ళు తాగుతున్న చప్పుడు వినిపించింది.

“సరేనండి. పాట తీయించండి మరి” అన్నాడాయన, గొంతు తగ్గించి.

కంప్యూటర్ లేకుండా పాట తీయడం అక్కకి రాదు. అన్నకి వచ్చు, ఏ అక్షరాలు కొట్టి ఏ నంబరుకి మెసేజ్ పంపాలో నోటికి వచ్చు. ఇక మొదలైంది. అన్న అక్క చెవి దగ్గర గుసగుసగా చెప్పడం, అక్క దాన్ని తెనాలికి అందించడం. ఆయనకి మెసేజ్ పంపడం రాదు, కొట్లోంచి కోడల్ని పిలిచాడు. కోడలికి అక్షరాలు అక్క చెప్తుంటే, అన్న ఉండబట్టలేక “మధ్యల ఖాళీ వదలమను, ఖాళీ” అని గట్టిగా అనేశాడు. తెనాలి ఆయన విన్నాడు.

“మీ అన్నగారేనా?”

“అవునండి.”

“కలెక్టరు గారికి కోపమొచ్చిందా?”

“అదేం లేదండీ, ఆయన మాటే అంత.”

పాట పోయింది. దాని బదులు ఇంకేదైనా పెట్టమంటారా అని అక్క అలవాటుకొద్దీ అడిగింది. ఆయన కాసేపు ఆలోచించి, “దేవుడిది పెట్టండి. ఇటూ అటూ ఎవరూ కాదనని దేవుడిది చూసి పెట్టండి” అన్నాడు. మేమంతా నోళ్ళకి మఫ్లర్లు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాం. బూడిద మఫ్లర్లు ఉపయోగపడింది ఆ ఒక్కసారే.

రిసీవర్ పెట్టగానే మళ్ళీ మోగింది. సిద్దిపేట నుంచి ఒకామె. అక్క గొంతు వినగానే “మీ మాట సమజైతలేదమ్మా” అంది. నేను చెప్పకముందే రిసీవర్ అన్న చేతిలో ఉంది. తర్వాత కర్నూలు, ఆ తర్వాత నల్గొండ, విజయనగరం. ఎవరు ఏం అడుగుతున్నారో వినడం, ఆ సంగతి ఎవరికి తెలుసో చూసి రిసీవర్ని వాళ్ళ దగ్గరికి తోసేయడం, ఇదే నా పని. తీగ పొట్టిది గనక అందరూ నా బల్ల చుట్టూనే ఉండాలి. కొందరు బల్ల మీద కూర్చున్నారు, కొందరు మోకాళ్ళ మీద నిలబడ్డారు. విజయనగరం ఆయన వచ్చినప్పుడు మాత్రం నేనే మాట్లాడాను, అమ్మ భాషలో. మావాళ్ళు నా నోటివెంట ఆ యాస ఎప్పుడూ వినలేదు. నోరు తెరుచుకుని చూశారు. ఏ వైపూ కాదనుకున్న పిల్లకి ఒక వైపు ఉందా అన్నట్టు. నేను రిసీవర్ పెట్టేసి, “కరీంనగర్ నుంచి ఎవరైనా చేస్తే అదీ నేనే మాట్లాడతాను” అన్నాను. అప్పుడు స్థిమితపడ్డారు.

ఎలక్ట్రీషియన్ వచ్చి దీపాలు వెలిగించేసరికి మేడమ్ ఇంకా నిలబడే ఉంది. ఎవరూ ఆమెకి కుర్చీ వెయ్యలేదన్న సంగతి నాకు అప్పుడు తట్టింది. స్పిరిట్ సార్ గదిలోంచి వచ్చి, ఎవరి కుక్కర్ వల్ల ఇదంతా అని అడగబోయి, గోడకి వేలాడుతున్న తన ఎక్స్‌టెన్షన్ బోర్డుని చూసి ఆగిపోయాడు. రెండు వరసల్లోంచీ ఒక్క నోరు లేవలేదు. మాది కాదు వాళ్ళది అని చెప్పుకోవడానికి మూడు వారాల్లో దొరికిన అన్నిటికంటే మంచి అవకాశం అది. ఎవరూ వాడుకోలేదు. మేడమ్ నన్ను పక్కకి పిలిచింది.

“ఇక్కడ రెండు గ్రూపులున్నాయనీ, వాళ్ళకీ వీళ్ళకీ మాటల్లేవనీ విన్నానే?”

“నిజమే మేడమ్. ఇందాకటి దాకా లేవు.”

ఆవిడ నవ్వింది. “కంప్యూటర్లు నడుస్తున్నప్పుడు నేను విన్న పనికి మీ తెలుగు లైను ఇక్కణ్ణుంచి తీసేయమని రాద్దామనుకున్నాను. కరెంటు పోయాక విన్న పనికి మాత్రం కదపవద్దని రాస్తాను” అంది. నేను థ్యాంక్యూ అనాలి. “మేడమ్, అన్నం తింటారా” అన్నాను. ఢిల్లీ వచ్చి నాలుగు రోజులుగా పరాఠాలు తింటున్న మనిషి, శాలువా తీసి కుర్చీ మీద వేసింది.

అప్పుడు తెలిసింది, రెండు కుక్కర్లలోనూ అన్నం సగమే ఉడికి ఆగిపోయిందని. అక్క రెండు మూతలూ తీసి, రెంట్లోంచీ ఒక్కొక్క మెతుకు నొక్కి చూసి, “రెండూ పలుకే” అంది. ఒకేసారి వెయ్యడానికి మళ్ళీ ధైర్యం లేదు.

“అంతా ఒక దాంట్ల పొయ్యి అక్కా” అన్నాడు అన్న.

“నీదేమో పొడుగు బియ్యం, నాది సోనా మసూరి. ఒకలాగా ఉడకదు.”

“ఉడికినంత ఉడుకుతది. ఆకలైతున్నది.”

“మరి రేపు?”

“రేపు నాది నాకిచ్చెయ్యి.”

“ఇస్తాలే, నాకెందుకు నీ సొట్ట గిన్నె.”

“సొట్ట నీదానికే.”

ఆ అన్నం కొంత మెత్తగా, కొంత గట్టిగా, చాలా అన్యాయంగా ఉడికింది. బల్లలు కలిపి అందరం కూర్చున్నాం. మేడమ్ కందబచ్చలి రెండుసార్లు వేయించుకుంది, పచ్చిపులుసు గిన్నె ఎత్తి తాగింది. దాంతో ఆమె ఏ వైపన్న సంగతి ఎప్పటికీ తేలకుండా పోయింది. (అక్క ఇవాళ్టికీ తమ వైపే అంటుంది. కందబచ్చలి అలా కలుపుకోవడం ఇంకొకరికి రాదట.) స్పిరిట్ సార్ పచ్చిపులుసు ఒక గుక్క తాగి, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ “బహుత్ స్పిరిట్ హై ఇస్ మే” అన్నాడు.

రెండు కుక్కర్లనీ ఒకటి చెయ్యమని నేను అడగలేదు. మర్నాడు ఎలక్ట్రీషియన్ చూసి, నడవాలో ఉన్న ప్లగ్గు వేరే లైను మీద ఉందని చెప్తే, అన్న కుక్కర్ని అక్కడికి మార్చాం. ఎవరి అన్నం వాళ్ళు వండుకున్నారు, ఒకే బల్ల మీద తిన్నారు. నాలుగేళ్ళ తర్వాత రాష్ట్రం రెండైనప్పుడు కూడా మా జట్టులో ఎవరూ ఎవరికీ ఫోను చెయ్యడం మానలేదు. అన్న కలెక్టరు కాలేదు గాని కేంద్రంలోనే మంచి ఉద్యోగం తెచ్చుకున్నాడు. అక్క ఇప్పుడు ఢిల్లీ ద్వారకలో మా పక్క సెక్టారులోనే ఉంటుంది. తెలుగు లైను ఇంకో మూడేళ్ళు గుర్‌గావ్‌లోనే ఉంది. నాన్న అడిగినట్టే, నాకు అప్పజెప్పినవాళ్ళలో ఒక్కరు కూడా తగ్గలేదు. ఆ మాట ఆయనతో చెప్పినప్పుడు ఆయన తల ఊపి, చాలాసేపు పేపరు పేజీ తిప్పలేదు. మా ఇంట్లో అంతకంటే పెద్ద పతకం ఉండదు.

కాని ఆ రోజు గురించి తలుచుకున్నప్పుడల్లా నాకు ముందుగా గుర్తొచ్చేది మేడమ్ మాటలు కావు, సాయంత్రం ఇంటికి వెళ్ళిన ప్రయాణం. ఆఫీసు వాళ్ళ వ్యానులో నేను డ్రైవరు భయ్యా పక్కన కూర్చున్నాను. వెనక అందరూ ఇరుక్కుని కూర్చుని వేడి వేడి పల్లీల పొట్లం చేతులు మారుస్తూ మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి ఎండా వానా అని కాదు, నేరుగా రాష్ట్రం గురించే. “నీళ్ళ సంగతేంది మరి, చెప్పు” అని అన్న గొంతు. “నీళ్ళ సంగతి చెప్తాను, ముందు నువ్వా పొట్లం ఇటివ్వు” అని అక్క. రజోక్రీ దగ్గర ట్రాఫిక్ ఆగిపోయింది. “మేడమ్, యే లోగ్ ఫిర్ లడ్ రహే హై” అన్నాడు భయ్యా నాతో భయంగా, వీళ్ళు మళ్ళీ పోట్లాడుకుంటున్నారని. మూడు వారాలుగా ఎవరు గొంతు పెంచినా పరుగెత్తుకెళ్ళి మధ్యలో నిలబడ్డ నేను, ఆ సాయంత్రం “లడ్‌నే దో, భయ్యా” అన్నాను, పోట్లాడుకోనీలే అన్నట్టు. అని, తల కిటికీకి ఆనించి నిద్రపోయానట. కంటోన్మెంట్ గేటు దగ్గర లేపితే గాని లేవలేదట. ఇప్పుడు పక్క గదిలో దుప్పటి కదిలినా లేచి కూర్చునే నాకు, అంత గోలలో, అంతమంది మధ్య, అంత హాయిగా నిద్రపోయిన ఆ అమ్మాయిని చూస్తే కొంచెం ముద్దొస్తుంది, కొంచెం అసూయ కూడా.